ఇత్తడి పాత్ర, కళాయి పూత: మన వంటింటి ఆరోగ్య చరిత్రలో ఒక అధ్యాయం

ఇత్తడి పాత్రలు మళ్ళీ మన ఇళ్ళలోకి వస్తున్నాయి. ఒకప్పుడు అటకెక్కిన బిందెలు, గుండిగలు, మరచెంబులు ఇప్పుడు పెళ్ళి సారెలలోనూ, గృహప్రవేశపు కానుకలలోనూ సగర్వంగా కనిపిస్తున్నాయి. మన పూర్వులు ఇత్తడిలో వండుకొని ఆరోగ్యంగా జీవించారనే మాట నలుగురు కూడిన చోట తరచుగా వినబడుతోంది. దానితోపాటే నన్ను అడిగే ప్రశ్న కూడా ఒకటి ఉంది: “డాక్టరుగారూ, ఇత్తడి పాత్రలు ఆరోగ్యానికి మంచివేనా?”

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఆ పాత్రలో ఏమి పోస్తారు, ఎంతసేపు ఉంచుతారు, లోపల కళాయి ఉన్నదా, ఉంటే ఎప్పుడు వేయించారు అనే మూడు విషయాలు తెలిస్తే తప్ప వైద్యుడు ఏమీ చెప్పలేడు. ఒకే ఇత్తడి మంచినీటి బిందెగా ఉన్నప్పుడు మేలు చేసింది. పసిబిడ్డ పాలగిన్నెగా ఉన్నప్పుడు కొన్ని ఇళ్ళలో ప్రాణం తీసింది. ఈ రెండూ చరిత్రలో జరిగినవే. కనుక పాత్రలు కొనే ముందు ఆ చరిత్రను కొంత తెలుసుకోవడం అవసరం.

ఇత్తడి, కంచు: రెండూ ఒకటి కావు

రాగిలో జింకు కలిస్తే ఇత్తడి. రాగిలో తగరం కలిస్తే కంచు. మాటల్లో ఈ రెండింటినీ కలిపి వాడుతుంటాం గాని, వాటి స్వభావాలు వేరు. కంచు కఠినమైనది, కొడితే ఖంగున మ్రోగుతుంది, కిందపడితే పగలవచ్చు. అందుకే జేగంటలు, తాళాలు, భోజనపు కంచాలు కంచుతో చేసేవారు. ‘కంచం’ అన్న మాటలోనే ‘కంచు’ ఉన్నది. ఇత్తడి మెత్తనిది, సుత్తి దెబ్బకు సాగుతుంది, రేకుగా వంగుతుంది. బిందె, గుండిగ, చెంబు వంటి గుండ్రని పెద్ద పాత్రలకు ఈ గుణమే కావాలి.

జింకును మనవాళ్ళు తుత్తునాగం అనీ, యశదం అనీ అన్నారు. ఇత్తడిలో జింకు పాలు సుమారు మూడో వంతు వరకు ఉన్నంతకాలం ఆ లోహం చల్లగా ఉండగానే సాగుతుంది. అంతకు మించితే కఠినమవుతుంది. దాన్ని వేడి చేసి పని చేయాలి, లేదా పోత పోయాలి. 70 పాళ్ళ రాగి, 30 పాళ్ళ జింకు కలిసిన ఇత్తడికి సాగే గుణం ఎక్కువ. తుపాకి తూటాల తొడుగులు కూడా దీనితోనే చేస్తారు. కుళాయిలు, తాళాలు, తాళపుచెవులు, తలుపు గొళ్ళాలు, తక్కెడ పళ్ళేలు, దీపపు కుందెలు, బాకాలు, సన్నాయి చివరి గరాటు వరకు మన నిత్యజీవితంలో ఇత్తడి చేరని చోటు తక్కువ. అది ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు, రాగి కంటె చవక, చూపునకు బంగారు వన్నె. సామాన్యుని ఇంటి బంగారం అది.

ఆవిరైపోయే లోహాన్ని పట్టుకున్న కథ

ఇత్తడి చేయడం చెప్పినంత తేలిక కాదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. ఖనిజం నుంచి జింకును వేరుచేయడానికి అంతకు మించిన వేడి అవసరం. అంటే ఖనిజం నుంచి విడివడిన క్షణంలోనే ఈ లోహం ఆవిరిగా మారి, గాలి తగిలి తెల్లని బూడిదై ఎగిరిపోతుంది. అందువల్ల రాగి, ఇనుము తెలిసిన ప్రాచీనులకు కూడా జింకు లోహంగా చేతికి చిక్కలేదు. వారు రాగి ముక్కలను, జింకు ఖనిజాన్ని, బొగ్గును మూసిన మూసలో కలిపి కాల్చేవారు. ఆవిరైన జింకు నేరుగా రాగిలోకి ఇంకి ఇత్తడి అయ్యేది. ఈ పద్ధతిలో జింకు పాలు సుమారు 28 శాతం మించడం కష్టం. తక్షశిలలో దొరికిన, క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దానిదిగా భావించే ఒక ఇత్తడి పాత్రలో జింకు సుమారు 34 శాతం ఉన్నదని తేలినప్పుడు పండితులు ఆశ్చర్యపోయింది అందుకే.

జింకు ఆవిరిని పట్టుకొని, చల్లార్చి, లోహంగా మార్చే విద్యను పెద్ద ఎత్తున సాధించినది రాజస్థాన్‌లోని ఉదయపూర్ సమీపాన ఉన్న జావర్ గనులవారు. అక్కడ 1983 ప్రాంతంలో జరిగిన తవ్వకాలలో వరుసలు తీరిన కొలుములు బయటపడ్డాయి. ఒక్కొక్క కొలిమిలో 36 మట్టి మూసలు, వంకాయ ఆకారంలో, మూతి కిందికి ఉండేలా తలకిందులుగా అమర్చి ఉండేవి. పైగదిలో నిప్పు, కిందిగదిలో చల్లదనం. మూసలో పుట్టిన ఆవిరి పైకి పోయే దారి లేక కిందికి దిగి, చల్లబడి, చుక్కలు చుక్కలుగా గిన్నెలోకి కారేది. పనికిరాని పాత మూసలను అక్కడివారు ఇళ్ళ గోడలకు ఇటుకలుగా వాడుకున్నారు. రసరత్నసముచ్చయం అనే సంస్కృత రసశాస్త్ర గ్రంథం కూడా ఈ మూసను ‘వృంతాక మూష’ అని పేర్కొన్నది, వృంతాకమంటే వంకాయే. ఐరోపాలో విలియం ఛాంపియన్ అనే ఆంగ్లేయుడు ఇటువంటి కిందికి దింపే పద్ధతికే పేటెంటు పొందినది 1738లో. జావర్ కొలుములు అప్పటికే కొన్ని శతాబ్దాలుగా మండుతూ ఉన్నాయి.

అదే గ్రంథం ఇత్తడిని పరీక్షించే ఉపాయం కూడా చెప్పింది. ఇత్తడిని బాగా కాల్చి పుల్లని కలిలో ముంచాలి. రాగి రంగు తేలితే అది ‘రీతిక’ అనే మేలురకం. నల్లబడితే ‘కాకతుండి’ అనే తక్కువరకం. పులుపునకూ ఇత్తడికీ పొసగదని, పులుపు తగిలితే ఆ లోహం తన లోగుట్టు బయటపెడుతుందని మనవారికి అంతకాలం కిందటే తెలుసునన్నమాట. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మన వంటింటి కట్టుబాట్లన్నీ దీని మీదనే నిలిచాయి.

జింకు ఆవిరి పనివాడి ఒంటినీ వదిలిపెట్టలేదు. ఇత్తడి పోత పోసేచోట ఎగసే తెల్లని పొగను పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, వణుకు, జ్వరం, ఒళ్ళునొప్పులు, నోట లోహపు రుచి వస్తాయి. మలేరియాను తలపించే ఈ జ్వరం ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపు ఇత్తడి కార్మికులలో ఈ జబ్బును గ్రీన్‌హౌ అనే వైద్యుడు 1862లో సవివరంగా వర్ణించాడు. రోజూ పొగ పీల్చేవానికి శరీరం కొంత అలవాటు పడుతుంది. ఆదివారం సెలవులో ఆ అలవాటు సడలి, సోమవారం మళ్ళీ జ్వరం వస్తుంది. అందుకే దీనికి ‘సోమవారపు జ్వరం’ అన్న పేరు కూడా వచ్చింది. మన గంటలు, కుందెలు మెరవడం వెనుక ఇటువంటి కష్టం కూడా ఉంది. నేటికీ పోత పనివారికి, గాల్వనైజు చేసిన ఇనుమును వెల్డింగు చేసేవారికి ఈ జ్వరం రావచ్చు. గాలి ధారాళంగా ఆడే చోట పనిచేయడమే దీనికి ముఖ్యమైన రక్ష.

తెలుగునాట ఇత్తడి

మన ప్రాంతంలో ఇత్తడి, కంచు పనికి పేరుపడిన ఊళ్ళు నేటికీ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలోని బుడితి, పశ్చిమ గోదావరి ప్రాంతపు అజ్జరం పాత్రలకు ప్రసిద్ధి. తెలంగాణలో జనగామ సమీపాన ఉన్న పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును సుత్తి, ఉలి సాయంతో మలచి దేవాలయ వాహనాలకు, తలుపులకు, ధ్వజస్తంభాలకు తొడుగులు చేస్తారు; ఆ విద్య కాకతీయుల కాలం నాటిదని చెప్పుకుంటారు. ఈ పని చేసే కంచరివారి వీధులు మన పాత పట్టణాలలో చాలాచోట్ల ఉండేవి.

అయితే నాటి వంటిల్లు ఇత్తడి ఒక్కదానితో నడవలేదు. నా తరంవారు ఒక్కసారి జ్ఞాపకం చేసుకుంటే పాత్రల పని విభజన కళ్ళ ముందు నిలుస్తుంది. మంచినీళ్ళు ఇత్తడి బిందెలో లేదా రాగి బిందెలో. వేడినీళ్ళు కాగులో. అన్నం కళాయి వేసిన ఇత్తడి గుండిగలో. చింతపండు పులుసు రాచ్చిప్పలో, అంటే రాతిని తొలిచి చేసిన పాత్రలో. పాలు దాలిలో పిడకల సెగమీద మట్టిదాకలో. పెరుగు మట్టిముంతలో. ఊరగాయ పింగాణీ జాడీలో. వేపుడు ఇనుప మూకుడులో. మజ్జిగను ఇత్తడి చెంబులో పోసిపెడితే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకునేవారు కాదు. “చిలుమెక్కుతుంది” అని కోప్పడేవారు.

ఆయుర్వేదంలోనూ ఈ జాగ్రత్త కనిపిస్తుంది. కంచు పాత్రలో పది రోజులు నిలవ ఉంచిన నెయ్యిని అష్టాంగహృదయం విరుద్ధాహారాలలో చేర్చింది. పదార్థం, పాత్ర, కాలం అనే మూడింటినీ కలిపి చూడమని దాని భావం. కనుక “పూర్వులు ఇత్తడిలో వండారు” అని చెప్పేటప్పుడు, పులుపును, పాలను, పెరుగును వారు ఎక్కడ ఉంచారో కూడా చెప్పాలి. సగం చెప్పిన సంప్రదాయం సగం చెప్పిన మందుచీటీ వంటిది.

కళాయి: కంటికి కనిపించని కవచం

వంటకు వాడే ఇత్తడికి లోపలివైపు తగరం పూత వేయడమే కళాయి. “మాట్లు వేస్తాం, కళాయి పూస్తాం” అనే కేక వీధిలో వినిపించగానే ఇల్లాళ్ళు గుండిగలు, గిన్నెలు బయటికి తెచ్చేవారు. చెట్టునీడన చిన్న గొయ్యి, అందులో బొగ్గులు, పక్కన తోలుతిత్తి. అదే కార్ఖానా.

పాత్రను ముందుగా తోమి శుభ్రం చేస్తారు. నిప్పుల మీద బాగా వేడి చేసి నవాసారం పొడి చల్లుతారు. తెల్లని ఘాటైన పొగ లేస్తుంది. నవాసారం ఇత్తడి పైపొరలోని మాలిన్యాన్ని తొలగించి లోహాన్ని శుద్ధం చేస్తుంది. అది లేకపోతే తగరం అంటుకోదు. తగరం కరగడానికి 232 డిగ్రీల వేడి చాలు. కడ్డీని వేడి పాత్రకు ఆనించగానే వెండి చుక్కలా కరిగిపోతుంది. ఆ చుక్కను దూదితోగాని గుడ్డతోగాని చుట్టూ చకచకా రుద్దుతారు. పసుపుపచ్చని పాత్ర లోపల క్షణంలో వెన్నెల పరచుకున్నట్లవుతుంది. నీళ్ళలో ముంచి తీస్తే పని పూర్తి.

ఈ పూత చాలా పలుచన. గరిటె రాపిడికి, బూడిదతో తోమిన తోముడుకు క్రమంగా అరిగిపోతుంది. అందుకే కొన్ని నెలలకొకసారి మళ్ళీ వేయించవలసి వచ్చేది. తగరం వంటలోని పులుపునకు త్వరగా లొంగదు. లొంగినా రాగి అంత హాని చేయదు. రాగి మాత్రం, గాలి తగులుతూ ఉన్నప్పుడు పులుపులో మెల్లగా కరుగుతుంది. చింతపండు, టమాటా, నిమ్మరసం, పెరుగు కళాయి లేని ఇత్తడిలో నిలవ ఉంటే వంటకానికి కనరు రుచి వస్తుంది, అంచులలో పచ్చని చిలుము కనిపిస్తుంది. అది తిన్నవారికి కడుపులో వికారం, వాంతులు, విరేచనాలు కలుగుతాయి. పండుగ భోజనాల తరువాత ఊరంతా వాంతులతో ఆసుపత్రికి వచ్చినప్పుడు, పులిహోరనో పులుసునో ఏ గంగాళంలో కలిపారని అడగడం మా తరం వైద్యులకు అలవాటుగా ఉండేది.

కళాయిలో మరొక ప్రమాదం దాగి ఉంది. తగరం ఖరీదైనది. సీసం చవక, అదీ తేలికగా కరుగుతుంది, చూడటానికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. తగరంలో సీసం కలిపి పూస్తే మన కంటికి తేడా తెలియదు. సీసం శరీరంలో పేరుకొని పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తహీనత కలిగిస్తుంది. శరీరానికి అవసరమైన సీసం మోతాదు అంటూ ఏదీ లేదు. కనుక కల్తీ కళాయి, కళాయి లేకపోవడం కంటె కూడా కీడు కాగలదు.

మంచినీటి బిందె చేసిన మేలు

ఇక ఇత్తడి చేసిన మేలును చూద్దాం. అతి స్వల్ప మోతాదులో ఉన్న కొన్ని లోహాలు సూక్ష్మజీవులను చంపుతాయని శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దం చివరలోనే గుర్తించారు. ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయానికి చెందిన రాబ్ రీడ్, మన దేశపు శాస్త్రజ్ఞులతో కలిసి, సంప్రదాయ ఇత్తడి నీటి పాత్రలను పరీక్షించారు. 2005లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, ఇత్తడి పాత్రలో పోసిన నీటిలోని ఇ. కోలి బాక్టీరియా మొదటి రోజుకే బాగా తగ్గి, రెండు రోజులకు కనుగొనలేని స్థాయికి చేరింది. ప్లాస్టిక్ పాత్రలో అటువంటి తగ్గుదల లేదు. నీటిలోకి దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి విధించిన పరిమితికి, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు, చాలా తక్కువగానే ఉన్నది.

మామూలు నీటికి పులుపు లేదు, రాగిని పట్టుకొని దాచుకొనే మాంసకృత్తులూ లేవు. అందుకే నీటిలోకి దిగే రాగి సూక్ష్మజీవికి విషం, మనిషికి నిరపాయం. అయితే ఇక్కడ కూడా ఒక హెచ్చరిక అవసరం. బిందె పని చేయడానికి గంటలు పడుతుంది. ఉదయం పట్టి వెంటనే తాగే నీటికి ఆ రక్షణ లేదు. ఇంకా, బాక్టీరియాపై చేసిన ఈ పరీక్షను కామెర్లు కలిగించే వైరసులన్నింటికీ వర్తింపజేయరాదు. అనుమానం ఉన్న నీటిని కాచి చల్లార్చడమే ఉత్తమం. ఇత్తడి బిందె అదనపు అండ మాత్రమే.

ఈ గుణం ఆసుపత్రులలోనూ గమనింపబడింది. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో తలుపు పిడులను పరీక్షించిన ఫిలిస్ కూన్ 1983లో ప్రకటించిన విషయం ఆసక్తికరం. నిగనిగలాడే స్టెయిన్‌లెస్ స్టీలు పిడిపై సూక్ష్మజీవులు విస్తారంగా బతికి ఉండగా, పాత ఇత్తడి పిడిపై బహు తక్కువగా ఉన్నాయి. 2008లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ రాగి, ఇత్తడి వంటి మిశ్రలోహాలను సూక్ష్మజీవి నాశకాలుగా నమోదు చేసింది. అయితే మెరుపు పోకుండా వార్నిష్ పూసిన ఇత్తడికి ఈ శక్తి ఉండదు. లోహం చేతికి తగలాలి.

పాలగిన్నె చెప్పిన విషాదం

ఇప్పుడు ఈ చరిత్రలోని చీకటి పుటను విప్పాలి. ఏడాది, రెండేళ్ళ వయస్సు బిడ్డ. చిరాకు, ఆకలి మందగించడం, పొట్ట ఉబ్బడం. కడుపు తడిమి చూస్తే కాలేయం పెరిగి, గట్టిపడి, అంచు ఆకు అంచులా పలుచగా చేతికి తగులుతుంది. కొన్ని వారాలకో నెలలకో కామెర్లు, పొట్టలో నీరు. ఆపై ఎక్కువకాలం బిడ్డ దక్కేది కాదు. 1887లోనే కలకత్తా నుంచి వైద్యులు వర్ణించిన ఈ జబ్బుకు ‘భారతీయ బాల్య సిరోసిస్’ అని పేరు స్థిరపడింది. మా తరం వైద్యవిద్యార్థులు పిల్లల వార్డులో ఈ కాలేయపు అంచును వేళ్ళతో గుర్తుపట్టడం నేర్చుకున్నారు. మందు రాయడం మాత్రం నేర్చుకోలేదు, ఎందుకంటే అప్పట్లో మందు లేదు. ఒకే ఇంట్లో ఒక బిడ్డ తరువాత మరొక బిడ్డ పోవడం చూసి తల్లిదండ్రులు దిష్టి అనో, శాపమనో కుమిలిపోయేవారు. వైద్యులు వైరస్ అనీ, వంశపారంపర్యమనీ ఊహించారు.

1970ల చివరలో కాలేయపు ముక్కలను ప్రత్యేక రంగులతో పరీక్షించినప్పుడు అందులో రాగి విపరీతంగా పేరుకొని ఉన్నదని తేలింది. ఆ రాగి ఎక్కడిది? పుణెలోని శిశువైద్యులు ఆనంద్ పండిత్, షీలా భావే, ఇంగ్లండుకు చెందిన స్టూవర్ట్ టానర్ కలిసి చేసిన పరిశోధనలు జవాబు చూపాయి. 1983లో లాన్సెట్ పత్రికలో ఆ ఊహను ప్రకటించారు. జబ్బుపడిన బిడ్డలకు తల్లిపాలు త్వరగా మానిపించి, లేదా వాటికి తోడుగా, ఆవుపాలు గేదెపాలు పట్టారు. ఆ పాలను కళాయి లేని ఇత్తడి లేదా రాగి పాత్రలో కాచి, అందులోనే గంటల తరబడి ఉంచారు.

నీటికీ పాలకూ ఉన్న తేడా ఇక్కడే. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు రాగిని గట్టిగా పట్టుకుంటుంది. పాలు విరగవు, రంగు మారదు, తల్లికి అనుమానం రాదు. పెద్దవారి కాలేయం అదనపు రాగిని పైత్యరసం ద్వారా బయటికి పంపుతుంది. పసికందు కాలేయానికి ఆ శక్తి ఇంకా పూర్తిగా రాదు. పైగా బిడ్డ పుట్టేటప్పటికే కాలేయంలో రాగి నిలవలు అధికంగా ఉంటాయి. ప్రకృతి అందుకు తగినట్లే తల్లిపాలలో రాగిని స్వల్పంగా ఉంచింది. ఆ ఏర్పాటును ఇత్తడి గిన్నె తలకిందులు చేసింది. అందరు బిడ్డలకూ జబ్బు రాలేదు కనుక, కొందరిలో పుట్టుకతో వచ్చిన బలహీనత కూడా తోడై ఉండాలని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇది మన దేశానికే పరిమితం కాలేదు. ఆస్ట్రియాలోని పశ్చిమ టిరోల్ పల్లెలలో 1900 నుంచి 1974 వరకు 138 మంది పసివారు అచ్చం ఇటువంటి కాలేయ వ్యాధితోనే మరణించారని 1996లో లాన్సెట్‌లో వెలువడింది. అక్కడా తల్లులు ఆవుపాలను కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో కాచి పట్టేవారు. ఆ పాత్రల స్థానంలో కొత్తరకం పాత్రలు రాగానే జబ్బు అంతరించింది.

మన దేశంలోనూ అదే జరిగింది. జబ్బు ముదరకముందే పెన్సిలమిన్ అనే మందుతో కొందరు బిడ్డలను కాపాడగలిగారు. అంతకంటె గొప్ప వైద్యం పాత్ర మార్చడమే. బిడ్డ పాలు ఇత్తడిలో కాచవద్దన్న ఒక్క సలహాతో, ముందటి బిడ్డను పోగొట్టుకున్న ఇళ్ళలో తరువాతి బిడ్డలు నిలిచారు. 1990ల తరువాత ఈ జబ్బు దాదాపు కనుమరుగయింది. నేటి యువ వైద్యులకు అది పాఠ్యపుస్తకంలోని పేరు మాత్రమే.

స్టీలు వచ్చిన తరువాత

ఇత్తడి మన ఇళ్ళ నుంచి తొలగిపోయినది ఎవరో నిషేధించినందువల్ల కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు తేలిక, తోమడం సులువు, కళాయి అవసరం లేదు, పులుపుకు భయం లేదు. పాత ఇత్తడి తూకానికి ఇచ్చి కొత్త స్టీలు తెచ్చుకోవడం ఒక తరం ఇల్లాళ్ళకు సంబరం. దానివల్ల కళాయి వేసేవారి బతుకుతెరువు పోయింది, కంచరి వీధులు చిన్నబోయాయి. ఆ నష్టాన్ని తలచుకుంటే నాకూ బాధే. కాని అదే స్టీలు గిన్నె, తనకు తెలియకుండానే, వేలాది పసికందుల కాలేయాలను కాపాడింది. ఈ రెండు నిజాలనూ పక్కపక్కనే ఉంచి చూడాలి.

ఇప్పుడు ఇత్తడి తిరిగి వస్తున్నది, మంచిదే. నా ఆందోళన ఒక్కటే. పాత్ర తిరిగి వచ్చినంత వేగంగా కళాయి వేసే చేయి తిరిగి రాలేదు. ఏ పాత్రలో ఏది పోయాలో చెప్పే అమ్మమ్మలూ ఇప్పుడు ఇంట్లో లేరు.

ఇత్తడి వాడదలచిన వారికి నా సలహాలు

1. మంచినీటికి కళాయి లేని ఇత్తడి లేదా రాగి బిందె వాడవచ్చు. తరచుగా తోమాలి. చింతపండుతో తోమిన తరువాత పులుపు మిగలకుండా బాగా కడగాలి. నిమ్మరసం, మజ్జిగ, పళ్ళరసం అందులో పోయరాదు.

2. వంటకు వాడే ఇత్తడికి లోపల కళాయి తప్పనిసరి. పూత అరిగి పసుపురంగు తొంగిచూస్తే ఆ పాత్రను పక్కన పెట్టి, మళ్ళీ కళాయి వేయించాలి. గట్టి పీచుతో గీకి తోమరాదు. ఖాళీ పాత్రను పొయ్యిమీద ఉంచరాదు; తగరం కరిగిపోతుంది.

3. కళాయికి సీసం లేని శుద్ధమైన తగరం వాడేవారి వద్దకే వెళ్ళాలి. ధర తక్కువని ఆశపడరాదు.

4. వండిన పదార్థాన్ని, ముఖ్యంగా పులుపు వేసినదాన్ని, కళాయి ఉన్నా సరే వేరే పాత్రలోకి మార్చుకోవాలి.

5. పసిపిల్లల పాలు, జావ, ఇతర ఆహారం ఇత్తడి, రాగి పాత్రలలో కాచరాదు, నిలవ ఉంచరాదు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. అన్నప్రాశన నాడు ముచ్చటకు ఇత్తడి గిన్నె వాడుకున్నా, రోజువారీ గిన్నె స్టీలుదే కావాలి.

6. అలంకరణకు చేసిన పోత ఇత్తడి వస్తువులలో భోజనం చేయరాదు. లోహాన్ని తేలికగా చెక్కడానికి వీలుగా కొన్నిరకాల ఇత్తడిలో 3 శాతం వరకు సీసం కలుపుతారు. ఈ కారణంగానే, రాత్రంతా ఇత్తడి కుళాయిలో నిలిచిన నీటిని ఉదయం కొంత వదిలివేసి, తరువాత వచ్చే నీటిని వంటకు పట్టుకోవడం మంచిది.

7. విల్సన్ వ్యాధి ఉన్నవారు, అంటే పుట్టుకతోనే శరీరం రాగిని బయటికి పంపలేనివారు, ఇత్తడి, రాగి పాత్రలను తాగునీటికి కూడా వాడరాదు.

మీ ఇంట్లో తాతల నాటి గుండిగ ఉంటే అమ్ముకోకండి. బయటికి తీసి, వెలుతురులో లోపలివైపు చూడండి. తెల్లగా ఉంటే వంటకు, పచ్చగా ఉంటే కళాయి వేసేవారి వద్దకు పంపండి. ఆ పనివాడు మీ ఊళ్ళో ఇంకా ఉంటే ఆయన చిరునామా నలుగురికీ చెప్పండి. ఆయనకు నాలుగు పాత్రల పని దొరికితే ఆ విద్య నిలుస్తుంది, మన ఆరోగ్యమూ నిలుస్తుంది.